ఎల్లారెడ్డి కిటికీలోంచి వచ్చిన అక్షరాలు

మా ఇంట్లో ఎవరైనా దయ్యం అన్న మాట ఎత్తితే మా బాపు ఒకటే అనేవాడు: "ఏదీ, చూపియ్యి." చూపించలేని దాని గురించి మాట్లాడటం ఆయనకు గిట్టేది కాదు. నేను ఆయన బిడ్డను. పాడుబడ్డ దొర గడీలో గజ్జెల చప్పుడు విన్నామని ఎవరైనా చెబితే, ఎలుకలో గబ్బిలాలో అయి ఉంటాయని అనే రకాన్ని. తర్వాతి కాలంలో చాలా ఏండ్లు ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేశాను. బాణామతి చేసిందని ఒక ముసలామెను ఊరవతలికి తరుముతుంటే అడ్డం నిలబడి నేనూ తిట్లు తిన్నాను.

నా నమ్మకం ఇప్పటికీ అదే. కాకపోతే ఒక్క సంగతి ఉంది. దాన్ని ఎటునుంచి చూసినా నాకు తేలలేదు. నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మేము కామారెడ్డిలో ఉండేవాళ్ళం. బాపు రైల్వే స్టేషనులో గూడ్సు షెడ్డు గుమాస్తా. ఆఫీసు పనంతా ఉర్దూలో. ఇంటికి వస్తే మాత్రం మా అక్క రాజవ్వకూ నాకూ తెలుగు చదువు చెప్పేవాడు. అప్పట్లో ఆడపిల్లలకు అంతకు మించి దారి లేదు.

మాకు అక్షరాలు పలకమీద వచ్చినవి తక్కువ, ఆటలో వచ్చినవి ఎక్కువ. ఆ ఆట బాపు మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒక గార్డు దగ్గర నేర్చుకున్నాడు. ఆ గార్డు ఆడినప్పుడు తప్పు చెప్పిన కొద్దీ ఉరికంబం, దానికి వేలాడే మనిషి బొమ్మ గీసేవాడట. ఆడపిల్లల ముందు ఉరికంబం ఏమిటని బాపు దాన్ని ఎడ్లబండిగా మార్చాడు. మా ఇంట్లో దాని పేరు బండి ఆట.

ఆడే తీరు చెబుతాను, ఎందుకంటే అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఇద్దరు ఆడాలి. ఒకరు మనసులో ఒక మాట అనుకుంటారు. అందులో ఎన్ని అక్షరాలుంటే కాగితం మీద అన్ని గళ్ళు గీస్తారు. రెండో మనిషి ఒక్కో హల్లు అడగాలి. "క ఉన్నదా?" అని అడిగితే, మాటలో క ఉన్నా, కా ఉన్నా, కు ఉన్నా, క్క ఉన్నా, గుణింతంతో సహా ఆ గడిలో రాసి చూపాలి. రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా రాయాలి. దాస్తే తొండి. లేదంటే బండిలో ఒక ముక్క గీస్తారు. ముందు గిర్ర, అంటే చక్రం, దాని మీద పెట్టె, తర్వాత ముందుకు పొడవుగా నొగ, దాని కొసన ఎద్దు మెడ మీద పడే కాడి, ఎద్దు, చివరికి తోలేవాడు. మాట దొరక్కముందే తోలేవాడు కూర్చున్నాడంటే బండి వెళ్ళిపోయినట్టు. అడిగేవాళ్ళు ఓడినట్టు.

నేను ఎప్పుడూ మొదట ర అడిగేదాన్ని. చాలా మాటల్లో అది దొరుకుతుంది. అక్కకు ఇది తెలుసు కాబట్టి కావాలని ర లేని మాట పెట్టేది.

అక్కను ఎల్లారెడ్డిలో ఒక రైతు కుటుంబానికి ఇచ్చారు. ఇంట్లో బావ, ఆయన తల్లి, చెల్లెలు చంద్రవ్వ. అంతే. చంద్రవ్వది నా ఈడే. చిన్నప్పుడే పెళ్ళయి, మొగుడు పోయి, పుట్టింటికి వచ్చేసింది. మెడలో ఏమీ లేదు, చేతులు బోసిగా ఉండేవి. నేను అక్కను చూడటానికి వెళ్ళినప్పుడల్లా నా వెంటే తిరిగేది. మేము బండి ఆట ఆడుతుంటే భుజం మీదుగా తొంగి చూసి, "నాకు గూడ నేర్పు" అన్నది. అక్క మధ్యాహ్నం పూట, అత్త నడుం వాల్చినప్పుడు, ఆమెకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది.

అక్క అత్తకు కాగితమంటే అనుమానం. ఆమెకు చదువు రాదు. కోడలు పుట్టింటికి ఏదైనా రాస్తే అది తన మీద చాడీయే అని ఆమె లెక్క. అందుకని బాపు ఒక ఉపాయం చెప్పాడు. ఉత్తరాలు వద్దు, ఆట ఆడుకోండి. ఎవరు విప్పి చూసినా గళ్ళు, బండిబొమ్మ తప్ప ఏమీ ఉండవు.

మా చీటీలు మోసింది ఖాసీం. ఆయన కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బస్సు డ్రైవరు, నడివయసు మనిషి, బాపుకు స్నేహితుడు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి ఆ బస్సుకు వెనక బొగ్గుపొయ్యి కట్టి ఉండేది. ఎల్లారెడ్డి పొలిమేరలో, రోడ్డు పక్కన ఒక బావి దగ్గర ఆపి ఇంజనుకు నీళ్ళు పోసుకునేవాడు. ఆ బావికి ఎదురుగా ఉన్నదే అక్కవాళ్ళ ఇల్లు. ఊరికి ఆ వైపున అదే చివరిది. రోడ్డు వైపు ఇనుపచువ్వల చిన్న కిటికీ ఉన్న అర్ర, అంటే గది, ఒకటి ఉండేది. అక్క ఆ కిటికీ గూట్లో పెన్సిలు ముక్క పెట్టుకుంది. ఖాసీం పోయేటప్పుడు కిటికీలోంచి చీటీ ఇచ్చేవాడు, వచ్చేటప్పుడు తీసుకునేవాడు. ఒక్కో రాకకు ఒక్కో అక్షరం. అలా ఒక మాట తేలాలంటే చాలా రోజులు పట్టేది. మాకు తొందరేముంది?

అక్క కడుపుతో ఉన్నప్పుడు పెట్టిన మాట గురించే నేను చెప్పేది. ఆరు గళ్ళు. నేను అలవాటు ప్రకారం ర అడిగాను. లేదు. కింద గిర్ర గీసి ఉంది, గుండ్రంగా, అక్క చేతిదే.

ఆ తర్వాత నేను మ అడిగి పంపాను. ఈసారి చీటీ రావడం ఆలస్యమైంది. బస్సు కొన్నాళ్ళు సరిగా నడవలేదు. ఎల్లారెడ్డి వైపు ఎలుకలు పడి చస్తున్నాయని, ప్లేగు తగిలిందని, కొన్ని ఇండ్లవాళ్ళు ఊరు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారని స్టేషనులో చెప్పుకున్నారు. అవ్వకు, అంటే మా అమ్మకు, అన్నం సయించలేదు. బాపు ఖాసీంను అడిగాడు.

"రాజవ్వ ఇల్లు ఎట్లున్నది ఖాసీం భాయి?"

"మంది శానమంది చెల్కలకు పోయిన్రు గుమాస్తా సాబ్. గని మీ బిడ్డ ఇంట్ల మనుషులున్నరు. చీటీ తీస్కున్నరు గదా. ఇగో, ఇచ్చిన్రు." అని చీటీ తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ చీటీ చూసి అవ్వ దండం పెట్టుకుంది. ఆట ఆడుతున్నదంటే బిడ్డ బాగున్నట్టే కదా. నేను కూడా అలాగే అనుకున్నాను. కానీ విప్పి చూస్తే నాకు ఏదో తేడాగా అనిపించింది.

మ లేదని గుర్తు. దానికి బండిలో రెండో ముక్క గీయాలి. గిర్ర తర్వాత దాని మీద పెట్టె రావాలి. కానీ పెట్టె లేదు. గిర్రకు చాలా దూరంగా, కాగితానికి అటు చివర, కాడి గీసి ఉంది. మా ఆటలో ఎవరూ అలా గీయరు. అక్క అసలే గీయదు.

వేవిళ్ళలో పరధ్యానంగా గీసిందేమో అన్నాడు బాపు. సరే అనుకొని ప అడిగాను. ప ఉంది. మూడో గడిలో "పు" అని వచ్చింది. అక్షరం కాస్త వంకరగా, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు నొక్కి రాసినట్టు ఉంది. తర్వాత స అడిగాను. లేదు. ఈసారి కాడి నుంచి వెనక్కి నొగ గీశారు. బండిని ఎవరో అటు చివరి నుంచి కట్టుకుంటూ వస్తున్నారు.

ఇక నాకు అనుమానం పట్టుకుంది. ఆడుతున్నది అక్క కాదు. మరి ఎవరు? అత్తకు అక్షరం రాదు. బావకు ఉర్దూ తప్ప తెలుగు రాయడం రాదు. చంద్రవ్వ అయి ఉండాలి. అయితే అక్క ఎందుకు ఆడటం లేదు? ఆమెకు ఏమైనా అయితే, ఆ సంగతి మాకు తెలియకుండా ఉండటానికి చంద్రవ్వ చేత ఆడిస్తున్నారా? ఈ ఆలోచన వచ్చాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. అవ్వకు చెప్పలేదు.

మనసులో అది పెట్టుకొనే త అడిగాను. మొదటి గడిలో "త", నాలుగో గడిలో "తి" వచ్చాయి.

త, ఖాళీ, పు, తి, ఖాళీ, ఖాళీ.

రెండో గడిలో ల ఉండాలని పసిపిల్లలు కూడా చెబుతారు. తలుపు. తలుపు తి... ఆ తర్వాత రెండు గళ్ళు. "తియ్యండి" అయినా సరిపోతుంది. "తియ్యకు" అయినా సరిపోతుంది. తలుపు తియ్యండి, లేదా తలుపు తియ్యకు. ఏదైనా అది ఆటలో పెట్టుకునే మాట కాదు. అక్క పెట్టేవన్నీ తిండి పేర్లు, కూరగాయలు, వంటింటి సామాన్లు.

బాపుకు చూపించాను. ఆయన చీటీని వెలుతురుకు పట్టి చూశాడు, తిరగేసి చూశాడు. ఆ రోజు ఖాసీంను ఇంటికి పిలిచాడు. మొదట ఆయన్నే అనుమానించాడని నాకు తెలుసు, ఎందుకంటే టీ ఇచ్చి, కాగితం పెన్సిలు ముందు పెట్టి, "ఒక బండిబొమ్మ గియ్యి భాయి" అన్నాడు. ఖాసీం నవ్వి ఏదో గీశాడు. బండికి ముందు గిర్రలు గీసి, అక్కడే ఆగిపోయాడు. తెలుగులో తన పేరు కూడా రాయలేకపోయాడు.

"చీటీ ఎవరు తీస్కుంటున్నరు?" అని అడిగాడు బాపు.

"నేను ఆడోళ్ల మొఖం చూడను సాబ్. తల వంచుకొని అందిస్త. కిటికీలకెళ్లి చెయ్యి అస్తది, తీస్కుంటది. మళ్లొచ్చేటప్పుడు ఇస్తది."

అప్పటిదాకా తలుపు చాటున నిలబడ్డ అవ్వ ముందుకు వచ్చింది. కడుపుతో ఉన్న బిడ్డకు తనే పచ్చగాజులు పంపించింది.

"చేతికి పచ్చగాజులున్నయా అన్నా?"

ఖాసీం తల అడ్డంగా ఊపాడు. "గాజులు లెవ్వు చెల్లె. బోడ చెయ్యి."

 అవ్వకు ఒక్కటే అర్థం తోచింది. అల్లుడు పోయాడు. బిడ్డ గాజులు తీసేశారు. ఆ సంగతి దాచి, ఆ కిటికీ అర్రలో కూర్చోబెట్టారు.

మరుసటి బస్సుకే బాపు, నేను బయల్దేరాం. నేనెందుకంటే చీటీ సంగతి నాకే బాగా తెలుసు కాబట్టి. లింగంపేట దాటాక బస్సులో మేమిద్దరం తప్ప దాదాపు ఎవరూ లేరు. 

బావి దగ్గర దిగాం. రోడ్డుకు కనపడని పక్కన ఉన్న ఇంటి తలుపుకు తాళం ఉంది. కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. బాపు అక్కను పేరు పెట్టి పిలిచాడు. నేను చువ్వల్లోంచి చూశాను. లోపల ఒక మంచం, తలకిందులుగా పెట్టిన కుండ. మనుషులెవరూ లేరు. గూట్లో పెన్సిలు ముక్క మాత్రం ఉంది.

మేకలు తోలుకుపోతున్న ఒకాయన మమ్మల్ని చూసి నిలబడ్డాడు. "ఆ ఇంట్ల ఎవ్వలు లేరు పటేలా. ఎలుకలు పడ్డప్పుడే తాళమేసి చెల్కకు పోయిన్రు. ఇప్పటిదాంక తియ్యలే."

మేము పొలాల గట్ల మీద నడిచి గుడిసెల దగ్గరికి వెళ్ళాం. ఆ నడకలో నా మనసులో ఏముందో చెప్పలేను. దూరం నుంచే అక్క కనిపించింది. గుడిసె ముందు కూర్చొని బియ్యం చెరుగుతోంది. చేతుల నిండా పచ్చగాజులు. బావ పక్కనే తాడు పేనుతున్నాడు. బాపు గట్టు మీదే నిలబడిపోయి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అక్క నన్ను చూసి ముందు సంతోషపడి, వెంటనే అలిగింది. "ఇన్నాళ్లకు యాదికొచ్చిన్నా నీకు? చీటీ గూడ బంద్ జేసినవ్."

నేను ఆమె ముఖంలోకి చూశాను. నాకు అక్కను అనుమానించడం కూడా తప్పలేదు. "నేను పంపుతనే ఉన్న గదా. నువ్వు జవాబిస్తనే ఉన్నవ్ గదా."

"ఏడికెళ్లి ఇయ్యాలె? నువ్వు ర అడిగినవ్, నేను గిర్ర గీసి పంపిన. మర్నాడే ఎలుకలు పడ్డయి. కడుపుతోటి ఉన్నదని నన్ను అందరికన్న ముందు ఇక్కడికి తోలిన్రు. గప్పట్నించి ఆ ఇంటి మొఖమే చూడలే."

చీటీ చేతికిచ్చాను. ఆమె చూస్తూ ఉంటే ముఖం మారింది.

"ఇది నా గిర్రనే. ఇగ మిగిలినయి నాయి గావు. మ లేదని ఎవలు రాసిన్రు? నేను పెట్టిన మాట మామిడికాయలు. మొదలయ్యేదే మ తోని." కాడి నుంచి వెనక్కి వచ్చిన గీతల మీద వేలు పెట్టింది.  "గిట్ల చంద్రవ్వ గీస్తది. దానిది ఎడమచెయ్యి. ఎన్నిసార్లు చెప్పినా కాడి దిక్కుకెళ్లే మొదలువెట్టేది."

"చంద్రవ్వ ఏది?" అన్నాను.

 బావ తాడు పక్కన పెట్టి లేచి అటు వెళ్ళిపోయాడు. అక్కే చెప్పింది. చంద్రవ్వకు జ్వరం, చంకలో గడ్డ వచ్చాయి. రెండు మూడు రోజులకే పోయింది. అక్కను దగ్గరికి రానివ్వలేదు. పొలంలోంచే చూసింది, మోసుకుపోవడం, చితి కాలడం. మిగిలినవాళ్ళు ఆ తర్వాతే ఇంటికి తాళం వేసి వచ్చేశారు. కడుపుతో ఉన్న అక్క కోసం భయపడి మేము వెంటనే తీసుకుపోతామని, అత్త మా ఇంటికి కబురు చేయనివ్వలేదు.

చంద్రవ్వ ఏ రోజు పోయిందో అక్కను అడిగి లెక్క చూసుకున్నాను. చంద్రవ్వ పోయాక నేను మ పంపాను. ఆ తర్వాతే ప, స, త.

అప్పటికి అత్త గుడిసెలోంచి బయటికి వచ్చింది. నేను చివరిసారి చూసినప్పటికంటే సగమైపోయింది. మా చేతిలో కాగితం చూడగానే ఆమె కండ్లలో పాత అనుమానం కనిపించింది.

"ఏంది ఆ కాయితం? ఏం రాసుకుంటున్నరు మా మీద?"

"ఏం లేదత్తా. ఆట" అన్నది అక్క.

"ఆటనా? నాకు చదువు రాదని ఏమార్తున్నరా? చదివి చెప్పున్రి, నేను గూడ ఇంట."

బాపు నా వైపు చూసి చదవమన్నట్టు తల ఊపాడు. ఏ మాటో చెప్పకుండా, ఉన్న అక్షరాలే చదివాను. "ఇది సగమే ఉన్నదత్తా. త. తర్వాత ఒకటి తెల్వదు. పు. తి. ఎనుక ఇంక రెండు తెల్వయి."

ఆమె నోట్లోనే ఆ అక్షరాలు కలుపుకున్నది. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను. తర్వాత చాలా మెల్లగా అన్నది.

"తలుపు తియ్యలే."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. త, లు, పు, తి, య్య, లే. ఆరు గళ్ళు. ర లేదు, మ లేదు, స లేదు. నాకు రెండు మాటలు తోచాయి గానీ ఈ మూడోది తట్టనే లేదు. పెన్సిలు ఎప్పుడూ పట్టని మనిషి ఆ మాటను పూర్తి చేసింది.

ఆమె నేల మీద కూర్చుంది. ఎవరూ అడగకుండానే, ఎవరినీ చూడకుండా చెప్పింది.

"కిటికీ అర్రల వెట్టి గొళ్లెం వెట్టిన. నీళ్లు కిటికీలకెళ్లి అందిచ్చిన. 'అవ్వా, తలుపు తియ్యవే, దగ్గరికి రావే' అని పిలుస్తనే ఉన్నది. నేను తియ్యలే. దాని దగ్గరికి పోయి మళ్లీ దీని దగ్గరికొస్తే, కడుపుల ఉన్నది దక్కదని తియ్యలే. ఆఖరుకు పిలుసుడు బంద్ జేసినంక తీసిన."

అక్క చేటను పక్కకు పెట్టి అత్త దగ్గరికి వెళ్ళింది.  ఆమె పక్కన కూర్చుంది. ఆ గొళ్లెం సంగతి అక్కకు తెలియదని నాకు అప్పుడు తెలిసింది. నటించడం చేతకాని మనిషి అక్క.

బాపు బావతో మాట్లాడి అక్కను కామారెడ్డికి తీసుకుపోతామన్నాడు. ఈసారి అత్త అడ్డు చెప్పలేదు. "తీస్కపో అన్నా. నన్ను జూసి ఉండలేదు ఇగ" అన్నది.

తిరుగు బస్సు కోసం బావి గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా ఆ ఇల్లు. కూర్చున్నంతసేపూ నేను ఒక్కొక్కరినే మనసులో నిలబెట్టి ప్రశ్నించాను. అక్క పొలం నుంచి నడిచి వచ్చిందా? వచ్చినా, తాళం ఉన్న ఇంట్లోకి ఎలా వెళ్ళింది? గొళ్లెం సంగతే తెలియని మనిషి ఆ మాట ఎలా పెడుతుంది? అత్తకూ బావకూ ఆ సంగతి తెలుసు, వాళ్ళకు తెలుగు అక్షరాలు రావు. ఖాసీంకు అక్షరాలూ రావు, సంగతీ తెలియదు. వాళ్ళలో ఇద్దరు కలిశారా? ఎందుకు కలుస్తారు? కలిసి సాధించింది ఏమిటి? నాకు ఒక్కరి మీద కూడా అనుమానం నిలవలేదు. ఒక్కరి మీది నుంచి కూడా పూర్తిగా పోలేదు.

పొద్దు వాలకముందే బస్సు వచ్చింది. ఖాసీం డబ్బా పట్టుకొని దిగి నీళ్ళు తోడాడు. అక్కను చూసి, చేతికి గాజులు చూసి, మంచిదన్నట్టు తల ఊపాడు. మేం ఎక్కి కూర్చున్నాం. ఇంజనులో నీళ్ళు పోసి ఆయన నా వైపు వచ్చాడు.

"ఇయ్యాల చీటీ లేదా బిడ్డా?"

"ఎందుకు మామా?"

"చెయ్యి చాపి ఉన్నది గదా." తల వంచుకొనే, చూపుడు వేలితో కిటికీ వైపు చూపించాడు. ఇల్లు ఖాళీ అని మేము ఇంకా ఆయనకు చెప్పనేలేదు.

నేను చూశాను. బొగ్గుపొయ్యి పొగ మధ్య తెరిచిన రెక్క, చువ్వలు కనిపించాయి. అంతకు మించి నాకు ఏమీ కనిపించలేదు. అక్క తల పక్కకు తిప్పుకొని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బాపు కూడా చూశాడు. ఆయన ముఖం నాకు కనిపించలేదు. "ఆ చీటీ ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను. జేబులోంచి తన పెన్సిలు తీసి, మోకాలి మీద పెట్టుకొని మిగిలిన గళ్ళలో అక్షరాలు నింపాడు. బస్సు దిగి రోడ్డు దాటాడు. కిటికీ దగ్గర నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒక మనిషి మాట విని బదులు చెప్పడానికి పట్టేటంతసేపు నిలబడ్డాడనుకుంటాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో చీటీ లేదు.

"అక్కడ పెట్టినవా బాపు?" అన్నాను.

ఆయన ఎక్కి కూర్చున్నాడు. బస్సు కదిలింది.

జబ్బు తగ్గి ఊరు మళ్ళీ ఇండ్లకు చేరినప్పుడు, నా మాట మీద బావ ఆ అర్రంతా వెతికాడు. గూట్లో పెన్సిలు ముక్క ఉంది. చీటీ లోపలా లేదు, కిటికీ కిందా లేదు. గాలికి పోయి ఉండవచ్చు. అక్కకు కామారెడ్డిలో ఆడపిల్ల పుట్టింది. పిల్లను చూడటానికి వచ్చిన అత్త, తనంతట తనే ఎత్తుకోలేదు. అక్క తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాకే పట్టుకుంది.

ఖాసీంను నేను తర్వాత ఎన్నోసార్లు తిప్పి తిప్పి అడిగాను. ఆయన మాట మారలేదు. బాపును మాత్రం అడగగలిగింది ఒక్కసారే, ఆయన మంచం పట్టాక. కిటికీ దగ్గర చీటీని ఎవరైనా తీసుకున్నారా, నువ్వే లోపల పడేశావా అని. ఆయన చాలాసేపు తన కుడిచేతినే చూసుకున్నాడు. "సల్లగుండె" అన్నాడు. ఏది చల్లగా ఉందో చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేకపోయాను.